స్టాఫిలోకాకస్: కొల్లేటి ప్రాంతపు పశుపక్ష్యాదుల్లో చీము వ్యాధులు

స్టాఫిలోకాకస్ మనుషుల, పశువుల, పక్షుల చర్మం మీదా ముక్కు లోపలి పొర మీదా కాపురముండే గుండ్రని బాక్టీరియా. ఆరోగ్యంగా ఉన్న ఒంటి మీద ఏ కీడూ చెయ్యకుండా ఏళ్ల తరబడి ఉంటుంది. చర్మం తెగినా, తడికి నానినా, చనుకట్టు చివరి రంధ్రం మూసుకోకముందే మురికి తగిలినా లోపలికి దిగి చీము పుట్టిస్తుంది. పాడిగేదెల్లో, ఆవుల్లో పొదుగువాపు, కోళ్లలో కీళ్లవాపు, కాలి అడుగు గడ్డ, గొర్రెల్లో మేకల్లో చీముగడ్డలు, కుళ్లిపోయే పొదుగు ఈ సూక్ష్మజీవి వల్ల వచ్చే ముఖ్యమైన జబ్బులు. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు చుట్టుపక్కల గేదె, కోడి, గొర్రె, చేపల చెరువు ఒకే ఊరి పొలిమేరలో ఉంటాయి. అందువల్ల ఈ జబ్బులను ఒక్కో జంతువు లెక్కన విడదీసి చూస్తే సగమే అర్థమవుతాయి.

గొంతువాపు, జబ్బవాపు, గాలికుంటు వంటి వాటికి టీకా కార్యక్రమాలున్నాయి. బర్డ్‌ఫ్లూ వస్తే పత్రికలు పతాక శీర్షికలు పెడతాయి. స్టాఫిలోకాకస్‌కు అలాంటి హడావిడి లేదు. అది బయటి నుంచి ఊరి మీద పడే తెగులు కాదు, ఊళ్లోనే ఉండే జీవి. దాన్ని ఊరి నుంచి తరిమెయ్యడం ఎవరివల్లా కాదు. అది లోపలికి దిగే దారులను మూసి ఉంచడమే పశుపోషకుడి చేతిలో ఉన్న పని.

సూక్ష్మజీవి స్వభావం

స్కాట్లండులోని అబర్డీన్ నగరంలో శస్త్రవైద్యుడు అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ 1880లో గడ్డల చీమును సూక్ష్మదర్శిని కింద పరీక్షించి, ద్రాక్షగుత్తుల్లా పేరుకున్న గుండ్రని కణాలను గుర్తించాడు. ఆ చీమును ఎలుకలకు ఎక్కిస్తే వాటికీ గడ్డలు లేచాయి. 1882లో ఆయన వాటికి స్టాఫిలోకాకస్ అని పేరు పెట్టాడు. 1884లో జర్మన్ వైద్యుడు రోజెన్‌బాక్ వాటిని విడిగా పెంచి, బంగారు రంగులో పెరిగేదాన్ని ఆరియస్ అని వేరుచేశాడు. నేటికీ పశువుల్లో ఎక్కువ నష్టం కలిగించేది ఈ స్టాఫిలోకాకస్ ఆరియసే.

ఒక్కో కణం వ్యాసం సుమారు ఒక మైక్రోమీటరు. కదలదు, విత్తనాల వంటి స్పోర్లు కట్టదు. అయినా మొండిది. ఎండిన చీములో, పాక గోడ మీద, పాలు తుడిచిన గుడ్డలో వారాల తరబడి బతికుంటుంది. మిగతా సూక్ష్మజీవులు చాలావరకు తట్టుకోలేని ఉప్పదనాన్ని ఇది తట్టుకుంటుంది. ప్రయోగశాలలో దీన్ని ఏరి పట్టడానికి 7.5 శాతం ఉప్పు కలిపిన మాధ్యమాన్ని వాడేది అందుకే. ఈ ప్రజాతిలో యాభైకి పైగా జాతులున్నాయి. రక్తంలోని ప్లాస్మాను గడ్డకట్టించే కోయాగ్యులేజ్ అనే ఎంజైము ఉన్నవాటిని ప్రమాదకరమైనవిగా, లేనివాటిని మెతకవిగా పశువైద్యులు స్థూలంగా లెక్కిస్తారు. క్రోమోజీన్స్, సిమ్యులాన్స్, హీమోలైటికస్, ఎపిడెర్మిడిస్ మెతక వర్గానివి. వాటివల్ల కూడా పొదుగువాపు వస్తుంది కానీ చాలావరకు తేలిగ్గా పోతుంది.

ఆరియస్ దగ్గర ఆయుధాలు అనేకం. ప్రోటీన్-ఎ అనే పదార్థంతో పశువు ఒంట్లోని రక్షక ప్రోటీన్లను (యాంటీబాడీలను) తలకిందులుగా పట్టుకుని పనికిరాకుండా చేస్తుంది. ఆవుల నుంచి తీసిన కొన్ని రకాలు తెల్లరక్తకణాలను చిల్లులు పొడిచి చంపే విషాన్ని తయారు చేస్తాయి. అంతకంటే చిక్కు తెచ్చేది మరొకటి: పొదుగు కణాల్లోపలే దాక్కుంటుంది, చుట్టూ జిగురు పొర కట్టుకుంటుంది, పొదుగు లోతున చిన్నచిన్న చీముగుల్లలు లేపి వాటి చుట్టూ పీచు గోడ కట్టించుకుంటుంది. చనుకట్టులోకి ఎక్కించిన మందు అక్కడిదాకా చేరదు.

నేల, నీరు, పాక

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమనున్న పల్లంలో కొల్లేరు ఉంది. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏర్లు, డెల్టా కాలువల మురుగునీరు అందులో చేరి ఉప్పుటేరు దారిన బంగాళాఖాతానికి వెళతాయి. సరస్సును 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సర్ చిత్తడినేలల జాబితాకెక్కింది. కైకలూరు, ఆకివీడు, నిడమర్రు, భీమడోలు వైపు చేపల చెరువులు విస్తరించాయి. ఉత్తరాన తాడేపల్లిగూడెం దాటితే మెట్ట నేల మొదలవుతుంది. తాడేపల్లిగూడెం, ఉంగుటూరు, తణుకు ప్రాంతాల్లో కోళ్లఫారాలు పెద్దవి. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల విభజనతో ఏలూరు జిల్లాలో కొల్లేటి గ్రామాలు చాలావరకు చేరాయి, తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలో ఉండిపోయింది. జబ్బులకు ఆ సరిహద్దుతో పనిలేదు.

ఇక్కడి పాడి ప్రధానంగా గేదెలది. స్థానిక గేదెలను ముర్రా దున్నలతో సంకరపరుస్తూ తరాలుగా పెంచినవాటిని గోదావరి గేదెలంటారు. తాడేపల్లిగూడెం దగ్గరి వెంకట్రామన్నగూడెంలో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానికి గేదెల పరిశోధన స్థానం ఉంది. ఈ గేదెలు వరిగడ్డి తింటాయి, మధ్యాహ్నం కాలువలోనో మురుగు బోదెలోనో పొర్లుతాయి, సాయంత్రానికి మట్టి పూసుకున్న పొదుగుతో పాకకు వస్తాయి. పొర్లడం గేదెకు అవసరం. చెమట గ్రంథులు తక్కువగా ఉండే ఆ జంతువు ఎండను భరించేది నీటి సాయంతోనే. కనుక దాన్ని మాన్పించమనడం సలహా కాదు. పాలు పితికిన వెంటనే నీళ్లలోకి వదలకుండా ఉండడం మాత్రం ప్రతివాళ్లూ చెయ్యగలిగిందే.

వానాకాలంలో పాక నేల ఆరదు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచి కొల్లేటికి చేరినట్లు వరద వచ్చినప్పుడు పశువులు రోజుల తరబడి బురదలో నిలబడతాయి. నానిన గిట్టల సందులు, పగిలిన చనుకట్లు, జలగ కాట్లు, ముళ్ల గీతలు స్టాఫిలోకాకస్‌కు దారులవుతాయి. గాలికుంటు పుండ్లు, గేదెల మశూచి పొక్కులు చనుకట్ల మీద లేచినప్పుడూ అంతే. మొదటి జబ్బు తగ్గి నెల గడిచాక పొదుగు గట్టిపడితే ఆ రెంటినీ కలిపి ఆలోచించేవాళ్లు తక్కువ.

పొదుగువాపు

స్టాఫిలోకాకస్ పశువ్యాధుల్లో ఖరీదైనది ఇదే. ఇందులో అంటుకునేది చేతుల ద్వారా. జబ్బున్న పొదుగు నుంచి పితికేవారి చేతికి, తుడిచే గుడ్డకు, దూడ మూతికి, అక్కడి నుంచి మరో పొదుగుకు చేరుతుంది. పేడలో, నీటిలో పెరిగే ఈ-కొలై వంటివి నేల నుంచి ఎక్కుతాయి. ఆరియస్ ప్రధానంగా పశువు నుంచి పశువుకు పోతుంది. కనుక ఒకే మనిషి నాలుగైదు ఇళ్లలో పాలు పితికే ఊళ్లో వేరువేరు పాకల్లోని గేదెలన్నీ ఒకే మంద కింద లెక్క.

చనుకట్టు చివర సన్నని గొట్టం, దాన్ని బిగించే కండర వలయం, లోపల మైనంలాంటి కెరటిన్ పొర పశువుకు ప్రకృతి ఇచ్చిన కాపలా. గేదెలో ఆ కండరం ఆవు కంటే దిట్టంగా ఉంటుంది. అందుకే గేదెలు పొదుగువాపును సంకరజాతి ఆవుల కంటే కొంత బాగా తట్టుకుంటాయి. అయితే గేదె పాలు దాదాపు అన్నీ పొదుగు పైభాగపు కణజాలంలోనే ఉంటాయి, కింది గదిలో నిలవ ఉండేది కొద్దిగా. అది చేపడానికి సమయం పడుతుంది. చేపకముందే తొందరపడి చనుకట్లను లాగినా, బొటనవేలు మడిచి గట్టిగా నొక్కి పితికినా లోపలి పొర చిట్లుతుంది. పిడికిలి నిండా పట్టి పితకమని పశువైద్యులు పదేపదే చెప్పేది ఈ కారణంగానే. బొటనవేలి పద్ధతి చాలా ఇళ్లలో అలవాటుగా నాటుకుపోయింది. దానివల్ల జరిగే నష్టం పైకి కనబడదు కాబట్టి మాన్పించడం కష్టం.

జబ్బు మూడు రూపాల్లో వస్తుంది. తీవ్ర రూపంలో పొదుగు ఒకవైపు ఎర్రబడి, వేడెక్కి, ముట్టుకుంటే గేదె తన్నుతుంది. పాలు విరిగి ముక్కలు ముక్కలుగానో, నీళ్లలానో, రక్తపు జీరతోనో వస్తాయి. అరుదుగా ఈ రూపం కుళ్లుగా మారి, పొదుగు చల్లబడి నల్లబారి, ఆ భాగం ఊడిపోతుంది. దీర్ఘకాలిక రూపంలో పొదుగులో గట్టి ముద్దలు చేతికి తగులుతాయి, కొన్నాళ్లు తగ్గినట్లే ఉండి మళ్లీ పొడచూపుతుంది, చివరికి ఆ చనుకట్టు ఎండిపోతుంది. మూడోది పైకి ఏ గుర్తూ లేని లోవాపు. పొదుగు మామూలుగానే ఉంటుంది, పాలు తెల్లగానే ఉంటాయి. రోజూ అరలీటరో లీటరో తగ్గితే మేత మారిందనో, ఎండ పెరిగిందనో, దూడ ఎక్కువ తాగిందనో సర్దిచెప్పుకుంటాం. ఆరియస్‌కు ఇష్టమైన రూపం ఈ మూడోదే. మిగతా గేదెలకు పంచేదీ ఇదే.

లోవాపులో పాలలోకి తెల్లరక్తకణాలు వచ్చి చేరతాయి. మిల్లీలీటరుకు 2 లక్షల కణాలు దాటితే ఆ పొదుగు భాగాన్ని అనుమానించాలి. పాలలో క్లోరైడు పెరిగి రుచి కాస్త ఉప్పగా మారుతుంది. 1957లో కాలిఫోర్నియాలో రూపొందిన పరీక్షలో నాలుగు చనుకట్ల పాలను నాలుగు గిన్నెలున్న పళ్లెంలోకి విడివిడిగా తీసి, అంతే కొలతలో డిటర్జెంటు ద్రావణం కలిపి తిప్పుతారు. కణాలు ఎక్కువగా ఉంటే పాలు జిగురుగా సాగుతాయి. పాకిస్తాన్‌లోని ఫైసలాబాద్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వారు ఇదే సూత్రాన్ని ఇంట్లో బట్టలుతికే పౌడరుకు అన్వయించారు. అరలీటరు నీటిలో ఆరు చెంచాల పౌడరు, అంటే సుమారు 3 శాతం ద్రావణం చాలు. గేదెలున్న ప్రతి ఇంట్లో పదిహేను రోజులకోసారి చెయ్యదగిన పరీక్ష ఇది. దీనికంటే చవకైన పశువైద్య పరికరం నాకు తెలిసి మరొకటి లేదు. వాపు ఉందని మాత్రమే ఇది చెబుతుంది, ఏ సూక్ష్మజీవి వల్లనో చెప్పాలంటే ప్రయోగశాలలో పాలను సాగు చేసి చూడాలి. ఆరియస్ పాలలోకి విడతలుగా వస్తుంది గనుక ఒకసారి దొరకనంత మాత్రాన లేదని అనుకోకూడదు.

చికిత్స ఫలితం జబ్బు వయసును బట్టి ఉంటుంది. తొలి ఈతల్లో, ఒక్క చనుకట్టుకు, కొత్తగా వచ్చినప్పుడు నయమయ్యే అవకాశం బాగుంది. రెండు మూడు చనుకట్లకు పాకి, లోపల ముద్దలు కట్టాక ఎన్ని ట్యూబులు ఎక్కించినా సూక్ష్మజీవి పోదు, వాపు మాత్రం తాత్కాలికంగా దిగుతుంది. చూడి గేదెను వట్టిపోయేట్లు చేసే సమయంలో ఎక్కించే నిలవ మందు పాలిచ్చే రోజుల్లో ఎక్కించేదానికంటే బాగా పనిచేస్తుంది. పాలతో కడుక్కుపోదు, వారాల తరబడి పొదుగులో ఉంటుంది. కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, సున్నం 15 గ్రాములు నూరి పట్టించే విధానాన్ని జాతీయ పాడి అభివృద్ధి సంస్థ ప్రచారం చేస్తోంది. తేలికపాటి వాపులో ఉపశమనానికి అది మంచిదే. జ్వరం వచ్చిన గేదెకు, పొదుగు చల్లబడిన గేదెకు అది పూసి ఎదురుచూస్తే మాత్రం పొదుగుతో పాటు ప్రాణం కూడా దక్కదు.

కోళ్లు, బాతులు

2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో, ఆ తర్వాత ఉంగుటూరు మండలం బాదంపూడిలో బర్డ్‌ఫ్లూ నిర్ధారణ అయినప్పుడు రాష్ట్రమంతా కోడిమాంసం అమ్మకాలు పడిపోయాయి. స్టాఫిలోకాకస్ అలా ఒక్కరోజులో షెడ్డును ఖాళీ చెయ్యదు. రోజుకు కొన్ని పక్షులు కుంటుతూ, దాణా తొట్టిదాకా నడవలేక, చిక్కి, పక్క పక్షుల కాళ్ల కింద పడి పోతాయి. మడమ కీలు ఉబ్బి వేడిగా ఉంటుంది, కోస్తే లోపల జున్నులాంటి చీము కనిపిస్తుంది. వేగంగా బరువు పెరిగే బ్రాయిలర్లలో తొడ ఎముక తలభాగం కుళ్లి, పట్టుకుంటే విరిగిపోతుంది. అరికాలి గడ్డ గరుకు నేల, తడిసిన ఊక, తీగ గుచ్చుకోవడం వల్ల వస్తుంది. పిల్లల్లో బొడ్డువాపు హేచరీ శుభ్రతకు సంబంధించినది. ఎండలు ముదిరినప్పుడు గుడ్లకోళ్లు ఏ గుర్తూ లేకుండా రక్తవిషంతో చనిపోవడమూ ఉంది, దాన్ని వడదెబ్బ అనుకుని వదిలేసే ప్రమాదముంది.

గంబోరో వంటి వైరసులు పక్షి రోగనిరోధక శక్తిని దెబ్బతీసిన మందలో ఈ సూక్ష్మజీవి చెలరేగుతుంది. కాబట్టి కుంటు కనబడితే ముందు టీకాల పట్టిక, ఊక తడి చూడాలి. తడిసి గట్టిపడిన వరి ఊకను తిరగేసి ఆరబెట్టడం ఏ మందుకూ తీసిపోదు. ఎడిన్‌బరో శాస్త్రవేత్తలు 2009లో జన్యువులను పోల్చి చూసి, ప్రపంచవ్యాప్తంగా బ్రాయిలర్లలో వ్యాపించిన ఒక ముఖ్యమైన ఆరియస్ రకం అంతకుముందు నాలుగు దశాబ్దాల లోపే మనిషి నుంచి కోడికి దూకిందని తేల్చారు. పశువులు మనకు జబ్బులిస్తాయని భయపడే మనం ఈ వ్యవహారంలో ఇచ్చినవాళ్లం. కోతలయ్యాక డెల్టా చేలల్లో తిరిగే బాతుల మందల్లోనూ మోకాటి వాపు, అరికాలి గడ్డ ఇదే కారణంతో వస్తాయి.

గొర్రెలు, మేకలు, ఇతర జీవాలు

ఎరువు కోసం చేలల్లో మంద కట్టే గొర్రెల్లో, ఇళ్ల ముందు కట్టే మేకల్లో పొదుగు కుళ్లడం వేగంగా ప్రాణం తీస్తుంది. ఈనిన మొదటి వారాల్లో పొదుగు నీలంగా, ఆ పైన నల్లగా మారి, తల్లి రెండు మూడు రోజుల్లో చనిపోవచ్చు. ఆరియస్ వదిలే ఆల్ఫా విషం రక్తనాళాలను మూసెయ్యడం దీనికి మూలం. పందిపిల్లల్లో స్టాఫిలోకాకస్ హైకస్ చర్మాన్ని జిడ్డోడే పొక్కులతో కప్పేస్తుంది. కుక్కల చర్మవ్యాధుల్లో సూడింటర్మీడియస్ అనే జాతి ముఖ్యం. గుర్రాల్లో విత్తులు తీసిన గాయం మానక గట్టి గడ్డ కట్టడం పాత పుస్తకాల్లో తరచుగా కనిపిస్తుంది.

పెంపకపు చేపలకు స్టాఫిలోకాకస్ పెద్ద శత్రువు కాదు. రోహు, కట్లల్లో ఏరోమోనాస్ వంటివే ఎక్కువ బాధిస్తాయి. చేప మీద ఆరియస్ దొరికితే పట్టినవారి, కోసినవారి చేతుల నుంచి వచ్చిందని అనుకోవచ్చు. అయితే కోళ్ల ఎరువును చెరువుల్లో వేసే అలవాటు వల్ల కోడికి వాడిన మందుల శేషాలు, ఆ మందులకు లొంగని సూక్ష్మజీవులు చెరువు నీటికి, గట్టు మీద మేసే గేదెకు చేరే దారి ఏర్పడింది. కొల్లేటి ప్రాంతంలో ప్రత్యేకంగా గమనించాల్సిన గొలుసు ఇదే.

పాలు, మనుషులు

కాచిన పాలలో ఆరియస్ బతకదు. కానీ పాలు కాచకముందు గంటల తరబడి వెచ్చగా నిలవుంటే అది వదిలిన విషం కాచినా విరగదు. 2000 సంవత్సరంలో జపాన్‌లోని ఒసాకా ప్రాంతంలో స్నో బ్రాండ్ సంస్థ పాల ఉత్పత్తులు తాగి 13 వేల మందికి పైగా జబ్బుపడ్డారు. అందులో సూక్ష్మజీవి చచ్చిపోయింది, విషం మిగిలింది. తిన్న ఒకటి నుంచి ఆరు గంటల్లో వాంతులు మొదలవడం దీని గుర్తు. పెళ్లిళ్లలో చేత్తో ఉండచుట్టి వేసవి గాలికి వదిలేసే కోవా మిఠాయిలకు ఈ ప్రమాదం ఉంది. వేలికి సెగ్గడ్డ ఉన్న మనిషి పాలు పితకకూడదు, మిఠాయి చుట్టకూడదు. పొదుగువాపు ఉన్న చనుకట్టు పాలను కేంద్రానికి పోసే పాలలో కలపకూడదు, వాటిని పాకలో నేల మీద పారబొయ్యడం కూడా తప్పే.

మందులు, వాటికి లొంగని రకాలు

1928లో లండన్‌లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పళ్లెంలో బూజు చుట్టూ కరిగిపోయిన సూక్ష్మజీవి స్టాఫిలోకాకసే. పెన్సిలిన్ వాడుకలోకి వచ్చిన పదేళ్లలోపే దానికి లొంగని రకాలు ఆసుపత్రుల్లో ప్రబలాయి. మెథిసిలిన్ అనే మందు వచ్చిన కొద్దికాలానికే, 1961లో, దానికీ లొంగని రకాన్ని ఇంగ్లండులో గుర్తించారు. 1972లో బెల్జియంలో పొదుగువాపు ఉన్న ఆవుల పాలలో అలాంటిది దొరికింది. 2011లో ఇంగ్లండు ఆవుల పాలలో, మామూలు పరీక్షకు దొరక్కుండా తప్పించుకునే కొత్త జన్యువున్న రకం బయటపడింది. భారతదేశంలో కూడా పాడిపశువుల పాలలో మెథిసిలిన్‌కు లొంగని ఆరియస్ ఉన్నట్లు పలు రాష్ట్రాల పరిశోధనలు చూపాయి.

ఊళ్లో మందు కొనే తీరు ఈ పరిస్థితిని ముదరబెడుతోంది. రెండు పూటలు సూది వేయించి, వాపు దిగగానే ఆపేస్తారు. లేదా పాలు పరీక్షించకుండానే ఏటా ఖరీదైన మందుకు మారుతూ పోతారు. మందు వాడాక పాలు, మాంసం ఎన్ని రోజులు అమ్మకూడదో సీసా మీద ఉండాలని 2012 నాటి కేంద్ర నిబంధన చెబుతోంది. ఆ గడువును ప్రత్యేకంగా నిర్ణయించని మందులకు పాలు, గుడ్ల విషయంలో కనీసం 7 రోజులు, కోడి, పశు మాంసానికి 28 రోజులు, చేపకు 500 డిగ్రీ-రోజులు ఆగాలి. అంటే చెరువు నీరు సగటున 28 డిగ్రీలుంటే సుమారు 18 రోజులు. ఏడు రోజుల పాలు పారబోయడం ఒక్క గేదె మీద బతికే ఇంటికి ఎంత భారమో తెలిసిందే. పాలసంఘాలు ఆ నష్టంలో కొంతైనా భరించే ఏర్పాటు లేకుండా నిబంధన కాగితాన్ని దాటి పాకలోకి రాదు.

నివారణ

1960ల్లో ఇంగ్లండులో రూపొందిన నివారణ పద్ధతి నేటికీ ప్రపంచమంతటా ఆధారం: పితికాక చనుకట్లను మందులో ముంచడం, వట్టిపోయేటప్పుడు మందు ఎక్కించడం, జబ్బుపడినదానికి వెంటనే చికిత్స, పాలు తీసే యంత్రం సరిగ్గా ఉంచడం, నయం కాని పశువును మందలోంచి తీసెయ్యడం. చేత్తో పితికే మన పాకలకు దీన్ని ఇలా మలుచుకోవచ్చు. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఒకే గుడ్డతో అన్ని పొదుగులూ తుడవకూడదు. తొలి రెండు ధారలు నల్లని పళ్లెంలోకి తీసి ముక్కలున్నాయేమో చూడాలి. జబ్బున్న గేదెను అన్నిటికంటే ఆఖరున పితకాలి. పితికిన తర్వాత ఒక్కో చనుకట్టును 0.5 శాతం అయొడిన్ ద్రావణంలో ముంచాలి. వెంటనే మేత వేస్తే గేదె అరగంటైనా పడుకోకుండా నిలబడుతుంది, ఈలోపు చనుకట్టు రంధ్రం బిగుసుకుంటుంది. కొన్ని దేశాల్లో టీకా ఉంది, అది జబ్బు తీవ్రతను తగ్గిస్తుందే తప్ప అంటుకోకుండా ఆపలేదు. పశువైద్య సహాయానికి రాష్ట్రంలో 1962 నంబరు సంచార వాహనాలు 2022 నుంచి తిరుగుతున్నాయి. గన్నవరంలోని పశువైద్య కళాశాల కూడా ఈ ప్రాంతానికి దూరం కాదు.

ఎన్ని జాగ్రత్తలు పాటించినా మిగిలే దారి ఒకటుంది. నయం కాని గేదెను సంతలో అమ్మేస్తే అది కొన్నవాళ్ల పాకలో మిగతావాటికి అంటిస్తుంది. కొనేటప్పుడు ఈత, పూటకెన్ని లీటర్లు, వెన్న శాతం అడిగే రైతు నాలుగు చనుకట్ల పాలను నాలుగు గిన్నెల్లోకి తీయించి పౌడరు ద్రావణం కలిపి చూసుకోవాలి. ఏదైనా ఒక గిన్నెలో పాలు సాగితే ఆ బేరం మానుకోవాలి.